చెరువుంది, ద్రాక్షుంది, చలి లేదు

న్యూయార్క్ రాష్ట్రం ఎగువన, రాచెస్టర్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి ఒక పొడుగు మెడ సీసా తెస్తారు. సెనెకా సరస్సు ఒడ్డున పండిన రీస్లింగ్ ద్రాక్షతో చేసిన డ్రై వైన్. సీసాతో పాటు ఒక ప్రశ్న కూడా తెస్తారు. అక్కడ సరస్సు ఉంది, ఇక్కడ షామీర్‌పేట చెరువు ఉంది. అక్కడ ద్రాక్షతోటలున్నాయి, ఇక్కడ మేడ్చల్ చుట్టూ మొన్నమొన్నటి దాకా ద్రాక్ష పందిళ్లే. మరి అలాంటి సీసా మన దగ్గర ఎందుకు పుట్టలేదు?

దీనికి నేను విన్న జవాబులు నాలుగు. ఎక్సైజ్ వాళ్లు పుట్టనివ్వలేదన్నది ఒకటి. మనవాళ్లకు వైన్ అలవాటు లేదన్నది రెండోది. రైతుకు చెప్పేవాడు లేడన్నది మూడోది. నాలుగోది ఎండ. మొదటి మూడింటి మీద గంటలకొద్దీ వాదించుకుంటాం. నాలుగోది మాత్రం అందరికీ తెలిసిందే కదా అన్నట్టు ఒక్క మాటలో తేల్చేస్తాం. నిజానికి కూర్చుని లెక్క వేయాల్సింది ఆ నాలుగోదాన్నే. అది సరిగ్గా వేస్తే మిగతా మూడు వాదనలూ ఎంతవరకు నిలుస్తాయో వాటంతటవే తేలతాయి.

ముందు మన ద్రాక్ష సంగతి. దక్షిణాదికి ద్రాక్ష మూడు దారుల్లో వచ్చిందని ఉద్యాన శాస్త్రవేత్తలు చెబుతారు. ఢిల్లీ నుంచి తుగ్లక్ రాజధానిని మార్చినప్పుడు దౌలతాబాద్‌కు వచ్చింది ఒక దారి. 1832 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు సేలం, మధురై జిల్లాలకు తెచ్చింది రెండోది. 20వ శతాబ్దం తొలినాళ్లలో నిజాం హయాంలో హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది మూడోది. మన పందిళ్లన్నీ ఆ మూడో దారివే. పేరులోనే ఆ సంగతి ఉంది: అనాబ్-ఎ-షాహీ, అంటే రాజుగారి ద్రాక్ష. మేడ్చల్ రైతు నోట అది అనాబ్‌షాయి అయింది. (గోదావరి జిల్లాల్లోని ద్రాక్షారామాన్ని చూసి అక్కడెక్కడో ద్రాక్షతోట ఉండేదనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది దక్షుడి ఆరామం. ద్రాక్ష పేరున్న చోట ద్రాక్ష లేదు, ద్రాక్ష పండిన మేడ్చల్ పేరులో ద్రాక్ష లేదు.)

అనాబ్‌షాయి కాయ పొడుగ్గా, లేత పసుపుగా, గింజతో ఉంటుంది. బాగా పండినప్పుడు తేనెరంగు తిరుగుతుంది. రసంలో కరిగిన ఘనపదార్థం, అంటే ఇంచుమించు చక్కెర, 14 నుంచి 16 శాతం. దిగుబడి సగటున హెక్టారుకు 35 టన్నులు. ఈ రెండో అంకెను కాస్త గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం. ఎర్ర చెల్క నేలలో రాతి కడీలు పాతి, మీద తీగల వల అల్లి, దాని మీదికి ద్రాక్ష పాకించేవారు. మనిషి తలెత్తి నడిచేంత ఎత్తున ఆకుల కప్పు, దాని కింద చల్లని నీడ, ఆ నీడలో వేలాడే గుత్తులు. మేడ్చల్, షామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్ మండలాల్లో ఇప్పటికీ ప్రహరీ గోడల పక్కన ఆ కడీలు అక్కడక్కడా కనిపిస్తాయి. కొన్నింటికి కరెంటు వైరు చుట్టి ఉంటుంది, కొన్నింటికి వెంచర్ బోర్డు కట్టి ఉంటుంది.

ఇక ఆ సీసా సంగతి. రీస్లింగ్ జర్మనీ ద్రాక్ష. దాని పేరు కాగితం మీద మొదటిసారి కనిపించేది 1435 మార్చి 13న, రైన్ నదికి దగ్గర్లోని రుస్సెల్స్‌హైమ్‌లో ఒక ప్రభువు కోట ఖర్చుల పద్దులో. ఫలానా మొక్కలు కొన్నాం, ఇంత ఇచ్చాం అని రాసిన బిల్లు అది. ఒక ద్రాక్ష పుట్టుక చరిత్ర కావ్యంలో కాకుండా జమాఖర్చుల పుస్తకంలో దొరకడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. నేటికీ ప్రపంచంలో రీస్లింగ్ అత్యధికంగా పండేది జర్మనీలోనే, దాదాపు 24 వేల హెక్టార్లలో.

అమెరికా సరస్సుల దగ్గరికి అది చేరిన కథ వేరు. న్యూయార్క్‌లోని ఆ పొడుగాటి సరస్సులు మ్యాపులో చూస్తే చాచిన వేళ్లలా ఉంటాయి, అందుకే వాటికి ఫింగర్ లేక్స్ అని పేరు. అక్కడి తోటల్లో చాలాకాలం పండింది అమెరికా అడవి జాతి లబ్రుస్కా ద్రాక్ష, దాని సంకరాలు. యూరప్ ద్రాక్ష అక్కడి చలికి చచ్చిపోతుందని నిపుణులంతా తేల్చేశారు. 1899లో ఉక్రెయిన్‌లో పుట్టిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అనే ద్రాక్ష శాస్త్రవేత్త 1951లో అమెరికా చేరి, ఆ సరస్సుల దగ్గరి జెనీవా ఊరిలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో కలుపు తీసే పనికి కుదిరాడు. మా దేశంలో ఇంతకంటే ఘోరమైన చలిలో ఈ ద్రాక్ష పండించాం, సమస్య చలి కాదు, మీరు వేసే వేరు మూలం అన్నాడు. ఎవరూ వినలేదు. విన్న ఒక్కడు చార్ల్స్ ఫోర్నియే, షాంపేన్ ప్రాంతం నుంచి వచ్చిన ఫ్రెంచివాడు. ఇద్దరూ కలిసి చలికి తట్టుకునే వేరు మూలాల మీద అంట్లు కట్టి చూశారు. 1962లో ఫ్రాంక్ క్యూకా సరస్సు ఒడ్డున సొంత వైనరీ పెట్టాడు. ఆ ప్రాంతపు రీస్లింగ్ పేరు అక్కడి నుంచే మొదలైంది.

ఈ కథ మన వాదనలో తరచూ దుర్వినియోగమవుతుంది. అక్కడా నిపుణులు కుదరదన్నారు, ఒక మొండివాడు చేసి చూపించాడు, మన దగ్గర మొండివాడు పుట్టలేదు అంతే అంటారు. కానీ ఫ్రాంక్ పోరాడింది చలితో. మొక్కను చలి నుంచి కాపాడటానికి దారులున్నాయి: వేరు మూలం, చలికాలం ముందు మొదళ్లకు మట్టి ఎగదోయడం, సరస్సుకు దగ్గరగా నాటడం. వేడి నుంచి పులుపును కాపాడటానికి అంత గట్టి దారులు లేవు.

అక్కడ సరస్సు చేసే పని ఏమిటో కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. సెనెకా సరస్సు లోతు 188 మీటర్లు. అంత నీరు ఎండాకాలమంతా వేడిని దాచుకుంటుంది, చలికాలంలో మెల్లగా వదులుతుంది. అందుకే నడి చలికాలంలో కూడా అది గడ్డకట్టడం అరుదు. ఒడ్డునున్న తోటలో మొగ్గ చావకుండా, వసంతంలో తొందరపడి చిగురించి మంచుకు మాడకుండా, శరత్తులో కాయ నింపాదిగా పండేలా ఆ సరస్సు చూసుకుంటుంది. అంటే అక్కడి సరస్సు పని చల్లబరచడం కంటే ముందు వెచ్చబెట్టడం. మనం షామీర్‌పేట చెరువును చూసి, నీరు ఉంది కాబట్టి చల్లగా ఉంటుంది, కాబట్టి ద్రాక్షకు మంచిది అనుకుంటే లెక్క తలకిందులైనట్టే. మన చెరువు నిజాం కాలంలో కట్ట వేసి నిలిపిన నీరు. వానాకాలం నిండి వేసవికి అడుగంటే లోతు దానిది. సాయంత్రం కట్ట మీద గాలి బాగుంటుంది, చేపల కూరతో భోజనం బాగుంటుంది. కట్ట దాటి పొలంలోని మొక్క దగ్గరికి ఆ చల్లదనం చేరదు.

నేల విషయంలో మాత్రం మనకు ఏ లోటూ లేదు. ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. రీస్లింగ్ పలకరాతి మీదే పండాలన్నది జర్మనీలోని మోజెల్ నది వాళ్లు నాటిన నమ్మకం. ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో ష్లాస్‌బర్గ్ అనే కొండ ఉంది. ఉత్తమ తోటలకిచ్చే గ్రాండ్ క్రూ హోదా అల్సాస్‌లో మొట్టమొదట దక్కింది అక్కడి వాలు తోటలకే, 1975లో. ఆ కొండ నేలంతా గ్రానైటు చివికిన ఇసుక. షామీర్‌పేట గుండ్లు, మేడ్చల్ చెల్క కూడా అదే గ్రానైటు సంతానం. నీళ్లు నిలవని, సారం తక్కువైన, వేరును లోతుకు దింపే నేల. వైన్ ద్రాక్ష కోరుకునేది ఇలాంటి నేలనే. నేల ఒక్కటే చాలితే మేడ్చల్‌లో గ్రాండ్ క్రూ ఉండేది.

చాలనిది ఎక్కడంటే కాలంలో. వైన్ ద్రాక్షలకు ఏ వాతావరణం సరిపడుతుందో పట్టికలు వేసిన అమెరికా శాస్త్రవేత్త గ్రెగరీ జోన్స్ లెక్కలో, చిగురు నుంచి కోత దాకా సగటు ఉష్ణోగ్రత రీస్లింగ్‌కు సుమారు 13 నుంచి 17 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాద్‌లో అతి చల్లని నెల డిసెంబర్. ఆ నెల సగటే 21, 22 డిగ్రీలు. అంటే మన చలికాలపు నడిబొడ్డు కూడా రీస్లింగ్ పై గీత కంటే నాలుగైదు డిగ్రీలు పైనే. ఒక మంచి సంవత్సరం కోసం ఎదురు చూడటానికి కూడా ఇక్కడ తావు లేదు.

సగటు కంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఇది రైతు పంచాంగం చూస్తే తప్ప తెలియదు. మన దగ్గర ద్రాక్ష తీగ నిద్రపోదు. ఆకు రాల్చి మంచు కింద పడుకునే చలికాలం దానికి లేదు. అందుకే రైతే కత్తెరతో దాని సంవత్సరాన్ని రెండుగా కోస్తాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒక కత్తిరింపు, కొమ్మ ముదరడానికి. అక్టోబర్‌లో రెండోది, కాపు కోసం. రెండోసారి కత్తిరించాక కళ్లన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు, చలి చేయాల్సిన పనిని మందుతో చేయిస్తారన్నమాట. నవంబర్‌లో పూత, జనవరిలో కాయ మెత్తబడటం, ఫిబ్రవరి, మార్చిలో కోత.

ఇప్పుడు దీన్ని జెనీవా పంచాంగం పక్కన పెట్టి చూడండి. అక్కడ జూన్‌లో పూత, ఆగస్టు చివర కాయ మెత్తబడటం, అక్టోబర్‌లో కోత. కాయ పండే రెండు నెలలూ ఎండ రోజురోజుకూ దిగుతూ వస్తుంది. కోత నాటికి పగలు 15 డిగ్రీల చుట్టూ, రాత్రి ఐదారు డిగ్రీలు. మేడ్చల్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం. కాయ పండే కొద్దీ ఎండ ఎక్కుతుంది. జనవరిలో దుప్పటి కప్పుకున్న తోట మార్చి వచ్చేసరికి పగలు 35 డిగ్రీలు, రాత్రి 20 చూస్తుంది. అక్కడి కాయ వేడి నుంచి చలిలోకి నడుస్తూ పండుతుంది, ఇక్కడిది చలి నుంచి వేడిలోకి పరిగెడుతూ పండుతుంది. మొదటి మూడు వాదనల్లో ఏదీ ఈ ఒక్క తేడా ముందు నిలవదని నా అభిప్రాయం.

ఎందుకంటే రీస్లింగ్ అంటే పులుపు. ద్రాక్షలో రెండు ఆమ్లాలు ప్రధానం, టార్టారిక్, మాలిక్. రెండోదాన్ని కాయ తన ఊపిరికి ఇంధనంగా వాడుకుంటుంది. వేడి పెరిగిన కొద్దీ, ముఖ్యంగా రాత్రి కూడా వేడి తగ్గకపోతే, అది గబగబా కరిగిపోతుంది. అదే వేడిలో చక్కెర పెరుగుతుంది. తియ్యగా తినే పండుకు ఇది వరం. తీపి, పులుపు సమానంగా నిలబడాల్సిన వైన్‌కు శాపం. పైగా రీస్లింగ్‌కు ఇంకో గుణం ఉంది. ఎండ ఎక్కువ తగిలిన గుత్తుల వైన్ కొన్నేళ్లు నిలవ ఉంటే అందులో కిరోసిన్ వాసన పుడుతుంది. దానికి కారణమైన పదార్థాన్ని టీడీఎన్ అంటారు. ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ లాంటి ఎండ చోట్ల ఇది త్వరగా తేలుతుంది. కొద్దిగా ఉంటే రసికులు మెచ్చుకుంటారు. మేడ్చల్ మార్చి ఎండలో పండితే రేషన్ షాపు గుర్తొస్తుందేమో.

క్లేర్ పేరు ఎత్తాను కాబట్టి, ఎండ దేశంలోనూ డ్రై రీస్లింగ్ చేస్తున్నారు కదా అని అడగొచ్చు. చేస్తున్నారు, బాగా చేస్తున్నారు. అది 34 డిగ్రీల దక్షిణ అక్షాంశం, నాలుగైదు వందల మీటర్ల ఎత్తు. పగలెంత మండినా రాత్రి చల్లబడుతుంది. మన ఎత్తు కూడా దాదాపు అంతే. మన అక్షాంశం పదిహేడున్నర. ఎత్తు ఒక్కటే సరిపోదు.

డ్రై అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. తెలుగులో దీనికి మాట లేదు. పొడి అంటే తప్పు, చప్పన అంటే అవమానం. మనకు డ్రై అంటే గాంధీ జయంతి నాడు దుకాణం మూసే డ్రై డే. వైన్‌లో డ్రై అంటే తీపి మిగలనిది, పులియడంలో చక్కెరంతా ఈస్టు తినేసినది. యూరప్ నియమం ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర మిగిలితే అది డ్రై. పులుపు బాగా ఉంటే 9 గ్రాముల దాకా కూడా డ్రై అనే రాసుకోవచ్చు, చక్కెర ఆమ్లం కంటే 2 గ్రాములకు మించి ఎక్కువ ఉండకూడదంతే. అంటే ఆమ్లం 7 గ్రాములున్న వైన్‌లో 8 గ్రాముల చక్కెర ఉన్నా నాలుకకు తీపి తెలియదు. పులుపే తీపిని దాచేస్తుంది. ఆ పులుపు లేనివాడికి డ్రై రీస్లింగ్ లేదు, నీళ్లలో సారా ఉంటుంది.

ఇప్పుడు మొదటి మూడు వాదనల దగ్గరికి.

ఎక్సైజ్ వాదనలో బలం ఉంది. మద్యం టోకు వ్యాపారం మొత్తాన్ని 1986 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ కార్పొరేషనే నడిపింది, తెలంగాణ వచ్చాకా అదే పద్ధతి. దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, రెండేళ్లకే సడలింపు. ఇంత ఊగిసలాటలో తోట వేసి నాలుగేళ్లు ఆగి సీసా నింపే ధైర్యం ఎవరికుంటుంది? మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైనరీలకు ఎక్సైజ్ మినహాయింపు ఇచ్చింది. కర్ణాటక 2007లో తనది తెచ్చింది. నాసిక్ వైన్ ఊరు కావడంలో మహారాష్ట్ర విధానానిదే పెద్ద పాత్ర. 1997లో తోట వేసి 2000లో తొలి సీసా తీసిన సులా దేశంలోనే పెద్ద పేరైంది. మన దగ్గర అలాంటి ఊపు రాలేదు, నిజం.

కానీ నాసిక్ కథలో రెండో అధ్యాయాన్ని మనవాళ్లు చెప్పరు. 2008 తర్వాత గిరాకీ పడిపోయింది. దేశంలో తొలి ఆధునిక నురగ వైన్ (స్పార్క్లింగ్) తెచ్చిన ఇండేజ్ అప్పుల్లో కూరుకుపోయింది. వైన్ ద్రాక్ష కొనేవాడు లేక మహారాష్ట్రలో రైతులు తీగలు పీకేశారు. తినే ద్రాక్షైతే ఏ బండి మీదైనా అమ్ముకోవచ్చు, వైన్ ద్రాక్షకు వైనరీ తప్ప దిక్కు లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. సులా రీస్లింగ్ కూడా సీసాల్లో పెట్టి అమ్మింది. పేరు తెచ్చింది మాత్రం షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ రకాలు. చట్టం దారి ఇచ్చిన చోట కూడా వేడి తన దారి తాను చూపించింది.

ఇప్పుడు రైతుకు చెప్పేవాడు లేడన్న వాదన, దానితో పాటు ఆ 35 టన్నులు. మంచి డ్రై వైన్ కోసం రీస్లింగ్ తోట హెక్టారుకు పది టన్నుల దగ్గర ఉంచుతారు, ఇంకా తగ్గించేవాళ్లూ ఉన్నారు. 15 శాతం చక్కెరున్న అనాబ్‌షాయి రసం మొత్తం పులిసినా ఆల్కహాల్ 8, 9 శాతం దగ్గరే ఆగుతుంది. అంటే అదే కాయతో వైన్ చేస్తే పలచన. వేరే కాయ వేస్తే మూడు వంతుల్లో రెండు వంతుల పంట పోతుంది. రైతుకు తెలియక వేయలేదనే మాట నాకు మింగుడుపడదు. తెలిసే వేయలేదు. నా మటుకు అది సరైన లెక్కే.

చెప్పేవాళ్లే లేరనడానికి కూడా ఆధారం తక్కువ. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రం ఉంది. షామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీద కాస్త ముందుకు వెళితే ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థ మన అనాబ్‌షాయిని బెంగళూరు బ్లూతో కలిపి అర్కా హన్స్ అనే రకం తయారుచేసింది, తెల్ల వైన్ కోసమే. అదే అనాబ్‌షాయిని క్వీన్ ఆఫ్ ది వైన్‌యార్డ్స్ అనే రకంతో కలిపి అర్కా సోమ తీసింది. రాజుగారి ద్రాక్షకు వైన్ పిల్లలు పుట్టారు, పుట్టింటికి మాత్రం రాలేదు.

బెంగళూరు బ్లూ ప్రస్తావన వచ్చింది కాబట్టి చిక్కబళ్లాపురం వైపు ఒక చూపు. ఆ జిల్లాలో తోటల్లో వినిపించేది చాలాచోట్ల తెలుగే. వాళ్ల నల్ల ద్రాక్షలో ఉన్నది అమెరికా లబ్రుస్కా రక్తం, ఫింగర్ లేక్స్ తోటల్లో ఫ్రాంక్‌కు ముందు ఉన్న జాతి. దాని వాసనను అమెరికన్లు నక్క వాసన అంటారు. అందని ద్రాక్ష పుల్లన అన్న నక్క వాసన అందిన ద్రాక్షలోనే ఉండటం విచిత్రం. తీపి ఎరుపు వైన్లకు ఆ కాయ వాడుతున్నారు. దగ్గరే నంది కొండల కింద 1988లో గ్రోవర్ కుటుంబం ఫ్రెంచి రకాలు వేసింది. వైన్‌కు సంబంధించి తెలుగు నోటికి అతి దగ్గరి తోట అదే, మేడ్చల్ కాదు.

ఇక మిగిలింది రెండో వాదన, అలవాటు. మన ఊళ్లలో వైన్స్ అని బోర్డున్న దుకాణంలో విస్కీ, బ్రాందీ, బీరు దొరుకుతాయి. వైన్ అడిగితే పై అరలో దుమ్ము పట్టిన సీసా దించుతారు. చాలాకాలం దిగుమతి వైన్ మీద కస్టమ్స్ సుంకమే 150 శాతం. అలవాటు లేకపోవడం కారణం కాదు, ఫలితం. అయినా ద్రాక్షను పులియబెట్టడం మనకు కొత్తేమీ కాదు. ఆయుర్వేద దుకాణంలో ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం ఎప్పటినుంచో ఉన్నాయి, ధాతకీ పువ్వుతో పులిసినవి. పురిటి తర్వాత బలానికి తాగించిన అమ్మమ్మలను నేనెరుగుదును. వాళ్లను వైన్ తాగావా అని అడిగితే చెప్పు తీసేవాళ్లు. ఇంకా తమాషా ఏమిటంటే, వైన్ ప్రపంచంలో ఎంతో పేరున్న ఊరి పేరు మన ప్రతి రైతుకూ తెలుసు. బూజు తెగులుకు పిచికారీ చేసే మైలుతుత్తం, సున్నం కలిపిన మందు బోర్డో మిశ్రమం. 1880లలో బోర్డో ద్రాక్షతోటల్లో పుట్టింది. వైన్ రాలేదు, వైన్ తోట మందు వచ్చింది.

ఆ బూజు తెగులే మేడ్చల్ తోటలను తొలిచిన వాటిలో ఒకటి. అనాబ్‌షాయికి అది చాలా తొందరగా పడుతుంది. అక్టోబర్ కత్తిరింపు తర్వాత తుఫాను వాన పడితే పది రోజుల్లో పూత పోతుంది. కానీ తోటలు పోయింది తెగులు ఒక్కదానితో కాదు. ఊట బావులు ఎండి బోర్లు లోతుకు దిగాయి. గింజ లేని థాంప్సన్ మహారాష్ట్ర నుంచి లారీల్లో దిగింది, గింజ ఉమ్మే ఓపిక కొనేవాడికి పోయింది. కత్తిరింపుకు, గుత్తులు పలచన చేయడానికి మనుషులు దొరకడం కష్టమైంది. ఇవన్నీ ఒక వైపు, రోడ్డు ఒక వైపు. ఔటర్ రింగ్ రోడ్డు, జీనోమ్ వ్యాలీ, కాలేజీలు, ఫామ్‌హౌస్‌లు. 2016లో మేడ్చల్ పేరుతోనే జిల్లా వచ్చేసరికి ఎకరం ధరను ద్రాక్ష లెక్కలో చెప్పడం ఎప్పుడో మానేశారు. నిజంగా బాధపడాల్సింది ఇక్కడ. రాని రీస్లింగ్ గురించి కాదు, ఉండి పోయిన అనాబ్‌షాయి గురించి. ఫిబ్రవరిలో కొన్ని తోటల్లో టికెట్టు పెట్టి జనాన్ని లోపలికి పంపి గుత్తులు కోసుకోమంటున్నారు. పిల్లలకు మంచి విహారం. పందిరికి మాత్రం అది పింఛను లాంటిది.

మరి మనకు ఆ సీసాతో ఏ సంబంధమూ లేదా? ఉంది, తోటలో కాదు, వంటింట్లో. చింతపండులో పులుపు నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం కాదు, ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే. చింతపండు గుజ్జులో అది పదో వంతు దాకా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే ఉంటుంది. పండ్లలో ఆ ఆమ్లం అంత ఉండటం అరుదు. చల్లబరచిన రీస్లింగ్ సీసా అడుగున పటిక పలుకుల్లా మెరిసేవి కూడా ఆ ఆమ్లపు లవణాలే, గాజు ముక్కలని భయపడి పారబోసినవాళ్లున్నారు. పచ్చిపులుసు మీద పెరిగిన నాలుకకు డ్రై రీస్లింగ్ పరాయి రుచి కాదు. మసాలా కూరలకు కాస్త తీపి ఉన్న రీస్లింగ్ తాగమని పాశ్చాత్య పుస్తకాల సలహా. కారాన్ని తీపి అణుస్తుంది కాబట్టి అందులో తప్పు లేదు. మాంసం కూరకు నేనూ ఒప్పుకుంటాను. పచ్చిపులుసు, చేపల పులుసు పక్కన మాత్రం తీపి వైన్ పానకంలా తేలిపోతుంది. అక్కడ డ్రై కావాలి, ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకు.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మేడ్చల్ దగ్గర పాతికేళ్లు ద్రాక్ష పండించి, తీగ పీకేసి, ఇప్పుడు మామిడి చెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చునే మామ ఒకాయన ఉన్నాడు నాకు, దూరపు వరస. మొన్న సంక్రాంతికి ఆయన కూతురు అమెరికా నుంచి తెచ్చిన సెనెకా సీసా తీశాం. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఏంర అల్లుడా, కాయ పండకముందే తెంపిన్రా ఏంది?"

పండిందే మామా, అక్కడ చలికి పులుపు పోదు అని పూత నుంచి కోత దాకా చెప్పాను. అక్టోబర్‌లో కోత అనగానే ఆగాడు. "మేం కత్తెర వట్టే నెలల వాళ్లు కోత కోస్తరా" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పచ్చిపులుసు గిన్నె దగ్గరికి జరుపుకొని, అన్నంలో పోసుకుని రెండు ముద్దలు తిని, మళ్లీ గ్లాసు ఎత్తాడు.

"చింతపండు నీళ్లల్ల జర సారా కలిపినట్టుంది."

అని, ఖాళీ గ్లాసు నా వైపు జరిపాడు.